ఎంత పాత కంప్యూటరు వఱకు?

2003 జనవరి మాసమున ఫ్రీబీఎస్డీ అను ఆపరేటింగ్ సిస్టము యొక్క 5.0 సంచిక వెలువడినపుడు, దానిని తీర్చిదిద్దినవారు అందలి క్రొత్త సౌకర్యములతో పాటు ఒక ఉపసంహరణమును గూడ లోకమునకు తెలియజేసిరి. ఆ వ్యవస్థతో లభించు జెనెరిక్ కెర్నెలు, అనగా వాడుకరి ప్రత్యేకముగా ఏమియు కోరనప్పుడు కంప్యూటరుపై దానంతటది ప్రతిష్ఠితమగు మూల ప్రోగ్రాము, ఇకమీదట ఇంటెల్ 80386 ప్రాసెసరు గల యంత్రములపై నడువదనియు, అట్టి యంత్రములు గలవారు తమ కెర్నెలును తామే వేఱుగా నిర్మించుకొనవలెననియు, 386కు చోటిచ్చుట వలన తక్కిన ప్రాసెసర్ల వేగము మిక్కిలి కుంటుపడుచున్నదనియు ఆ ప్రకటన సారాంశము. కెర్నెలు నిర్మాణమునకు ఆధారమగు ఆకృతి పత్రమునందు మాఱినది ప్రాసెసర్ల పేర్ల పట్టికలోని ఒక్క పేరు. కాని ఆ ఒక్క పేరు వెనుక ఆపరేటింగ్ సిస్టములను నిర్మించువారిని నేటికిని వీడక వెన్నాడుచున్న ప్రశ్న కలదు: ఎంత పాత యంత్రము వఱకు మన బాధ్యత సాగవలెను?

సామాన్య పాఠకునకు ఈ ప్రశ్నతో నిమిత్తమేమి యని తోచవచ్చును. బల్లమీది కంప్యూటరు చెడిపోకుండగనే, నిన్నటివఱకు చక్కగా పనిచేయుచుండగనే, ఒకనాడు క్రొత్త సంచికను స్వీకరింప నిరాకరించుట నేడు ఇంటింటి యనుభవమైనది. 2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు మైక్రోసాఫ్టు వారి సాధారణ పోషణము ముగియగా, విండోస్ 11 కోరు ప్రాసెసర్ల పట్టికలో చేరని కంప్యూటర్ల యజమానులు దేశదేశములయందు ఇట్టి సంకటమునే ఎదుర్కొనిరి. ఆ నిరాకరణమునకు మూలము యంత్రము యొక్క జరాభారము గాక, ఎక్కడనో కొందఱు మనుష్యులు కూడి ఆలోచించి చేసిన నిర్ణయమే యైనపుడు, ఆ నిర్ణయము ఎట్లు జరుగునో, ఏ కారణములు దానిని నడిపించునో, అందలి ధర్మాధర్మములెట్టివో తెలిసికొనుట మన కందఱికిని అవసరము.

ప్రోగ్రాములను వ్రాయువారు మానవులకు బోధపడు భాషలో వ్రాయుదురు. వానిని ప్రాసెసరు గ్రహింపగల ఆదేశములుగా మార్చు పని కంపైలరుది. ప్రతి ప్రాసెసరు జాతికిని తనదైన ఆదేశ సముదాయ మొకటి కలదు. ఇంటెల్ వారు 1985లో ఇంచుమించు 2,75,000 ట్రాన్సిస్టర్లతో 386ను వెలువరించిన నాటి నుండి ఆ కుటుంబమున పుట్టిన ప్రతి తరమును పూర్వుల ఆదేశముల నన్నింటిని నిలుపుకొనుచు తనవి కొన్ని చేర్చుకొనుచు వచ్చినది. 1989లో 486, 1993లో పెంటియం, 1995లో పెంటియం ప్రో, 1999లో ఎస్ఎస్ఈ ఆదేశములతో పెంటియం త్రీ, 2000లో ఎస్ఎస్ఈ2తో పెంటియం ఫోర్, 2003లో ఏఎండీ వారి 64 బిట్ల ఆప్టెరాన్, 2013లో ఏవీఎక్స్2 గల ఇంటెల్ హాస్వెల్, ఇట్లు ఆ వంశవృక్షము పెరిగినది. మనుమడు తాత మాటలన్నియు ఎఱుగును. తాతకు మాత్రము మనుమని మాటలు తెలియవు. కనుక కంపైలరును ప్రయోగించునపుడు నిర్మాత మొదట తేల్చుకొనవలసిన సంగతి, ఈ ప్రోగ్రాము కనిష్ఠముగా ఏ తరము ప్రాసెసరుపై నడువవలెను అనునదియే.

ఆ కనిష్ఠ రేఖకు దిగువనున్న యంత్రముపై ఆ ప్రోగ్రామును నడిపినచో ఏమగును? తాను ఎఱుగని ఆదేశము ఎదురైన తత్‌క్షణమే ప్రాసెసరు పనిని నిలిపి, ఇది చెల్లని ఆదేశమని ఆపరేటింగ్ సిస్టమునకు నివేదించును. ఆపరేటింగ్ సిస్టము ఆ ప్రోగ్రామును అక్కడికక్కడే ముగించును. ఒక చిన్న ప్రోగ్రాము విషయమున నష్టము అంతతో పోవును. కాని ఆ తెలియని ఆదేశము కెర్నెలు నందే, యంత్రము మేల్కొను తొలి క్షణములయందే ఎదురైనచో నివేదికను అందుకొనుటకు ఎవరును ఉండరు. తెర నల్లగా నిలిచిపోవును. తన కంప్యూటరు కేమైనదో యజమానికి చెప్పు నాథుడుండడు.

అట్లయిన కనిష్ఠ రేఖను ఎల్లప్పుడును అట్టడుగుననే ఉంచరాదా యని ప్రశ్నింపవచ్చును. దానికి 386 కథయే సమాధానము. ఒకే స్మృతి స్థానమును ఇరువురు ఏకకాలమున మార్చబోయినపుడు కలుగు సంకరమును నివారించుటకు, ఒక విలువను పోల్చి అది తాననుకొన్నదే యైనచో తక్షణమే మార్చు అవిభాజ్యమైన ఆదేశ మొకటి 486తో వచ్చినది. నేటి కెర్నెళ్లలోని తాళములన్నియు ఇట్టి ఆదేశముపై ఆధారపడినవి. ఇది 386లో లేదు. అందువలన దాని కొఱకు అంతరాయములనన్నింటిని క్షణకాలము నిలిపివేసి, ఆ పనిని ముగించి, మరల వానిని అనుమతించు దీర్ఘమార్గమును అనుసరింపవలసి వచ్చెను. ఫ్రీబీఎస్డీ 5.0 పెక్కు ప్రాసెసర్లు ఏకకాలమున కెర్నెలు నందు పనిచేయుటకు అనువుగా సూక్ష్మమైన తాళములతో పునర్నిర్మింపబడిన సంచిక. అట్టి కెర్నెలులో ప్రతి తాళమువద్దను ఈ ప్రదక్షిణము చేయుట యనగా, ఎప్పుడో యొకనాడు రాగల 386 యొకదాని కొఱకు ప్రతిదినము నడుచు యంత్రములన్నింటిచేతను సుంకము కట్టించుటయే.

మఱియొక చిక్కు ఇంతకంటె గూఢమైనది. రెండు ప్రోగ్రాములు ఒకే స్మృతి పుటను పంచుకొనునపుడు, వానిలో ఏదియైనను దానిపై వ్రాయబోవు వఱకు ఆ పుటను చదువుటకే అనుమతించి, వ్రాయబోయినపుడు దానికి వేఱొక ప్రతిని చేసి ఇచ్చుట ఆధునిక వ్యవస్థల మితవ్యయ మార్గము. 486 మొదలుకొని ఈ నిషేధమును కెర్నెలు సైతము శిరసావహించునట్లు చేయవచ్చును. 386 మాత్రము కెర్నెలు వ్రాయునపుడు ఆ నిషేధమును లెక్కపెట్టదు. కావున వాడుకరి స్మృతిలో వ్రాయు ప్రతి సందర్భమునను కెర్నెలు తానే ముందుగా పరీక్షించుకొనవలెను. ఇట్టి ప్రత్యేక మార్గములు వేగమును హరించుటయే గాక, పరీక్షించు యంత్రము కరవైన కొలదియు దోషములకు నిలయములగును. ఏ నిర్మాత యింటను ఆ యంత్రము లేనప్పుడు, దానికై వ్రాసిన భాగము చెడినను ఎవరికిని తెలియదు. నడుచునని వాగ్దానము చేసి నడువని వ్యవస్థ నిచ్చుట, నడువదని ముందే చెప్పుటకంటె హీనము.

ఇట్లు చూచినచో 2003 నాటి నిర్ణయము సహేతుకమే. 2005 నవంబరులో వచ్చిన 6.0 సంచికతో ఫ్రీబీఎస్డీ నుండి 386 పోషణము సంపూర్ణముగా వైదొలగెను. తాను లినక్సును తొలుత వ్రాసిన కంప్యూటరు 386 యే యైనను, లినస్ టోర్వాల్డ్స్ లినక్సు కెర్నెలు నుండి దానిని 2012 డిసెంబరులో నిస్సంకోచముగా తొలగించెను. అయినను ఈ కథకు రెండవ పార్శ్వము కలదు. ఇంటెల్ వారు 386ను పరిశ్రమలలోని నియంత్రణ యంత్రముల నిమిత్తము 2007 వఱకు తయారుచేయుచునే యుండిరి. అనగా ఫ్రీబీఎస్డీ జెనెరిక్ కెర్నెలు దానిని విడిచిన నాటికి ఆ ప్రాసెసరు ఇంకను కార్ఖానా నుండి క్రొత్తగా వెలువడుచునే యున్నది. కావలసినవారు తమ కెర్నెలును తాము నిర్మించుకొనవచ్చునన్న అనుమతి యుక్తమైనదే. కాని ఆ నిర్మాణమునకు నడుచు కంప్యూటరు ఒకటి ముందుగా ఉండవలెను గదా! 386 తప్ప వేఱొకటి లేనివాని చేతిలోని సంస్థాపక డిస్కు మొదలే కానిచో, ఆ అనుమతి కాగితము మీద మాత్రమే నిలుచును.

ఇందుండి నాకు దృఢముగా తోచు విషయ మొకటి కలదు. నేర్పరి యగువాడు తన ప్రాసెసరును ఎఱుగును, తనకు తగిన కెర్నెలును కట్టుకొనును, కంపైలరుకు తన కోరికను తెలుపగలడు; ఆతనికి డిఫాల్టు, అనగా ఏమియు కోరనివానికి దానంతటది లభించు ఎంపిక, ఏదియైనను కొఱత లేదు. డిఫాల్టు శాసనమై వర్తించునది, అట్టి ఎంపిక కలదని కూడ ఎఱుగని ఉపాధ్యాయునికి, దుకాణదారునికి, పాత కంప్యూటరును దానముగా స్వీకరించిన గ్రంథాలయమునకు. చర్చలయందు వారి కంఠము వినబడదు. చర్చించువారి బల్లలమీద సాధారణముగా క్రొత్త యంత్రములే యుండును. కాబట్టి ఈ ఎంపికను అడుగబడని వారి పక్షమున చేయు నిర్ణయముగా భావించి, ఆ బరువును ఎఱిగి చేయవలెను.

పెండ్లి విందునకు వంట చేయువాడు పంక్తిలో కూర్చుండబోవు వారినందఱిని పిలిచి ఎవరికెంత కారము కావలెనని యడుగలేడు. పసివారును వృద్ధులును గూడ తినగలిగినంత కారమే కూరలో వేసి, ఘాటు కోరువారి కొఱకు విస్తరి యంచున ఆవకాయ వడ్డింప ఏర్పాటు చేయును. ఆపరేటింగ్ సిస్టముల నిర్మాతలు కనిపెట్టిన ఉత్తమోపాయమును ఇట్టిదియే. ప్రోగ్రాము మొత్తమును సామాన్య ఆదేశములతోనే నిర్మించి, వేగము నిజముగా అక్కఱయైన కొలది భాగములకు మాత్రము రెండు మూడు రూపములను సిద్ధముగా నుంచి, యంత్రము మేల్కొనిన పిదప దాని శక్తిని విచారించి తగిన రూపమును ఎన్నుకొనుట ఆ పద్ధతి. నీవేమేమి చేయగలవని ప్రాసెసరునే అడుగుటకు సీపీయూఐడీ అను ఆదేశము పెంటియం కాలము నుండి కలదు. లినక్సు కెర్నెలు ఆ సమాధానమును బట్టి స్మృతిలో నున్న తన ఆదేశములను తానే దిద్దుకొని నడక సాగించును. గ్నూ సీ లైబ్రరీ యందు స్మృతిని నకలు చేయు చిన్న పనికి సైతము పలు రూపములు కలవు. 2021లో వచ్చిన దాని 2.33 సంచిక నుండి, ప్రాసెసరు స్థాయిని బట్టి లైబ్రరీలను వేర్వేఱు డైరెక్టరీలనుండి ఎన్నుకొను వసతి యేర్పడినది.

ఈ ఉపాయమునకును హద్దులు లేకపోలేదు. ప్రతి రూపమును వేఱువేఱుగా పరీక్షింపవలెను. డిస్కుపై స్థలము పెరుగును. ప్రోగ్రామునందు చెదరియున్న వేలకొలది చిన్న అవకాశములను ఇట్లు ఏరి పట్టుకొనుట సాధ్యము కాదు. అందుచేతనే మొత్తము వ్యవస్థనే పై తరమునకు నిర్మింపవలెనను కోరిక మాటిమాటికి తలయెత్తును. 2020లో ఏఎండీ, ఇంటెల్, రెడ్ హ్యాట్, సూసే సంస్థలు కలిసి 64 బిట్ల ప్రాసెసర్లను కొన్ని స్థాయిలుగా విభజించినవి: 2003 నాటి మూల స్థాయి మొదటిది, ఇంచుమించు 2008 నాటి ఇంటెల్ నెహాలెమ్ శక్తి రెండవది, 2013 నాటి హాస్వెల్ శక్తి మూడవది, 512 బిట్ల రాశులపై పనిచేయు ఆదేశములు గలది నాలుగవది. ఈ నిచ్చెనలో ఏ మెట్టు నెక్కిన ఎంత లాభము? 2025లో ఉబుంటు వారు మూడవ స్థాయికి ప్రత్యేక నిర్మాణమును ప్రవేశపెట్టునపుడు, అధికభాగము ప్రోగ్రాములకు కలుగు లాభము నూటికి ఒక పాలు ప్రాంతముననే యున్నదనియు, సంఖ్యాగణనము ప్రధానముగా గలవానికి అంతకంటె హెచ్చనియు తెలిపిరి. ఉత్తరములు వ్రాయువానికిని పద్దులు చూచుకొనువానికిని ఆ ఒక్క పాలు కంటికి కూడ ఆనదు. దానిని పొందలేని యంత్రము గలవాని నష్టమో, నూటికి నూఱు పాళ్లు.

2019లో ఫెడోరా లినక్సు సమాజమునందు జరిగిన చర్చ ఈ తూకమునకు ఉత్తమోదాహరణము. రాబోవు 32వ సంచికకు ఏవీఎక్స్2 గల ప్రాసెసర్లనే కనిష్ఠముగా గ్రహింపవలెనని ఒక ప్రతిపాదన వచ్చినది. హాస్వెల్ పుట్టి ఆఱేండ్లైనది గదా యనుట దాని పక్షమున చెప్పదగిన మాట. కాని ప్రాసెసరు వయస్సునకును శక్తికిని నియతమైన సంబంధము లేదు. హాస్వెల్ తరువాతి సంవత్సరములయందును ఇంటెల్ వారు పెంటియం, సెలెరాన్ పేర్లతో చౌకగా విక్రయించిన ప్రాసెసర్లు అనేకములలో ఈ ఆదేశములు లేవు; అనగా సంవత్సరమును బట్టి గీత గీసితిమనుకొన్నచోట ఆ గీత నిజమునకు ధరను బట్టి పడుచుండెను. తీవ్రమైన అభ్యంతరములు వెల్లువెత్తగా ఫెడోరా సాంకేతిక సమితి ఆ ప్రతిపాదనను త్రోసిపుచ్చినది. ఆ నిర్ణయము ఎంతయు వివేకవంతమైనదని నా నమ్మకము.

అట్లని పై మెట్టు నెక్కుట ఎల్లచోటులను తప్పు కాదు. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్సు 2022 నాటి 9వ సంచికలో రెండవ స్థాయిని, 2025 నాటి 10వ సంచికలో మూడవ స్థాయిని కనిష్ఠముగా గైకొన్నది. దాని గ్రహీతలు ప్రధానముగా సర్వర్లను నిర్ణీత కాలమునకు మార్చుకొను సంస్థలు. పాత సంచికకు ఏండ్ల తరబడి పోషణము లభించుచుండుటచే ఎవరును రాత్రికి రాత్రి నిరాశ్రయులు కారు. ఆ వ్యవస్థ ననుసరించు ఆల్మాలినక్సు వారు తమ 10వ సంచికను మూడవ స్థాయికి నిర్మించుచునే, రెండవ స్థాయి యంత్రముల కొఱకు వేఱొక నిర్మాణమును గూడ సమకూర్చిరి. వాడువారెవ్వరో ఎఱిగి, మిగిలినవారికి త్రోవ చూపిన పిమ్మట గీతను పైకి జరుపుట న్యాయ్యము.

ఒక్కొక్కప్పుడు గీతను నిర్ణయించునది గొప్ప శక్తి కానక్కఱలేదు. డెబియన్ వ్యవస్థ 2023 నాటి 12వ సంచికలో, 32 బిట్ల యంత్రములకు దీర్ఘ నాప్ అను ఆదేశమును తప్పనిసరి గావించెను. ఆ ఆదేశము చేయు పని యేమియు లేదు. ప్రాసెసరు దానిని చదివి ఊరకే ముందునకు సాగును. అయినను ఏఎండీ జియోడ్ ప్రాసెసరుకు అది తెలియకపోవుటచే ఆ ప్రాసెసరు డెబియన్ క్రొత్త సంచికకు వెలియైనది. బీదదేశముల బాలబాలికలకు ఒక్కొక్కరికి ఒక్కొక కంప్యూటరు నీయవలెనను సంకల్పముతో 2007 నుండి తయారైన ఎక్స్‌ఓ-1 అను చిన్న లాప్‌టాపులు ఈ జియోడ్ ప్రాసెసరుపై నిర్మింపబడినవే. పదునాఱేండ్ల పోషణము స్వల్పము కాదు, డెబియన్ వారు దాచిపెట్టి చేసినదియు కాదు. విడుదల పత్రమునందు జియోడ్ పేరును సూటిగా పేర్కొనిరి. 2025 నాటి 13వ సంచికలో 32 బిట్ల ఇంటెల్ జాతి యంత్రములకు కెర్నెలును సంస్థాపకమును గూడ ఇచ్చుట మానిరి. ఎవరు వెలుపల నిలిచిరో పేరు చెప్పి ప్రకటించుట నిర్మాతల కనీస ధర్మము. ఆ ధర్మమును వారు పాటించిరి.

గీత కొంచెము పైన పడినచో ఎంతటి శ్రమ పుట్టునో 2012 నాటి రాస్ప్‌బెర్రీ పై కథ నిరూపించును. ముప్పదియైదు డాలర్లకు లభించిన ఆ చిన్న కంప్యూటరులోని ప్రాసెసరు ఆర్మ్ ఆఱవ తరమునకు చెందినది. దశాంశ గణనమునకు వలయు అంగము అందులో కలదు. ఆ సమయముననే డెబియన్ వారు అట్టి అంగమును నేరుగా వాడుకొను క్రొత్త నిర్మాణమును ఆర్మ్ ఏడవ తరమును కనిష్ఠముగా గ్రహించి సిద్ధపఱచుచుండిరి. పాత నిర్మాణము ఈ యంత్రముపై నడచునుగాని ఆ అంగమును సరిగా వాడుకొనదు. క్రొత్తది అసలే నడువదు. అప్పుడు కొందఱు స్వచ్ఛంద సేవకులు వేలకొలది ప్యాకేజీలను ఆఱవ తరమునకై మరల కంపైలు చేసి రాస్ప్‌బియన్ అను పేర వెలువరించిరి. పిల్లలు ప్రోగ్రాములు నేర్చుకొనుటకు సాధనమైన ఆ యంత్రము లోకమున వ్యాపించుటకు ఆ పునర్నిర్మాణము గొప్ప ఆలంబనమైనది. డెబియన్ మూల ప్రోగ్రాములు అందఱికి అందుబాటులో నుండుట వలననే ఈ దిద్దుబాటు సాధ్యమయ్యెనన్న సంగతిని మఱవరాదు. మూలము మూయబడిన వ్యవస్థలో తయారీదారు గీసిన గీతయే తుది గీత.

మన దేశమునకును ఈ విచారము దూరమైనది కాదు. సీడాక్ సంస్థ రూపొందించిన బాస్ లినక్సు డెబియన్ పునాదిపై నిర్మితము. పునాది యందు కనిష్ఠ రేఖ జరిగినపుడు పై యంతస్తులును దానితో జరుగును. ఇంతకంటె ముఖ్యముగా, ఐఐటీ మద్రాసున శక్తి ప్రాసెసర్లును, సీడాక్ యందు వేగ ప్రాసెసర్లును రిస్క్-ఫైవ్ అను స్వేచ్ఛా ఆదేశ సముదాయముపై రూపొందినవి. 2022 ఏప్రిలులో కేంద్ర ప్రభుత్వము ఈ రంగమునకై ప్రత్యేక కార్యక్రమమును ఆరంభించెను. రిస్క్-ఫైవ్ నందు మూల సముదాయము మిక్కిలి చిన్నది. తక్కినవన్నియు ఐచ్ఛికములైన చేర్పులు. ఏ చేర్పులు ఉండితీరవలెనో ఏర్పఱచు ఆర్‌వీఏ23 అను ప్రమాణము 2024 అక్టోబరులో స్థిరపడగా, మఱుసటి యేటి ఉబుంటు 25.10 దానినే కనిష్ఠముగా కోరినది. అప్పటికి విపణిలోనున్న రిస్క్-ఫైవ్ బోర్డులలో అధికభాగము ఆ మట్టమును అందుకొనలేదు. శైశవదశలోనే గీతను ఎత్తున గీచినచో భవిష్యత్తునకు ఏకరూపత లభించునన్నది వారి పక్షము. నేడు కొన్నవారు, నేర్చుకొనుచున్న విద్యార్థులు వెలుపల నిలుతురన్నది ఎదుటి పక్షము. స్వదేశీయ ప్రాసెసర్లను పాఠశాలలకును కార్యాలయములకును కొనిపోదలచిన మనవారు, ఏ ఆపరేటింగ్ సిస్టము ఏ మట్టమును కోరునో ప్రాసెసరు రూపకల్పన నాడే విచారింపవలెను. ఆ మట్టమును నిర్ణయించు సభలయందు మన కంఠము వినబడునట్లు కూడ చూచుకొనవలెను.

ఈ యుదాహరణములన్నియు కలిపి చూచినచో అయిదు నియమములు స్పష్టమగును. జనులు నిజముగా వాడుచున్న యంత్రములు మేల్కొనునంత దిగువకు డిఫాల్టు ఉండవలెను. దాని పైని వేగమును, నడుచునపుడు ప్రాసెసరును విచారించి ఎన్నుకొను ఉపాయముతో సాధింపవలెను. గీతను పైకి జరుపవలసి వచ్చినపుడు, కొలిచి చూపిన లాభముగాని, పరీక్షింపలేని భాగమును మోయలేకుండుటగాని, దోష నివారణముగాని కారణమై యుండవలెను. క్రొత్తదనముపై మోజు కారణము కారాదు. యంత్రము నడువజాలనిచోట ఆ సంగతిని తెరపై స్పష్టముగా తెలుపు నాలుగు మాటలైన కెర్నెలు నందు ఉండవలెను. వెలుపల నిలుచు వారికి ఇకమీదట ఏ సంచిక ఎంతకాలము అండగా నుండునో ముందే చెప్పవలెను.

ఏ యంత్రమునైనను ఎల్లకాలము మోయుట సాధ్యము కాదు; 386 వెళ్లినది, 486ను కూడ తొలగింపవలెనని లినక్సు నిర్మాతలలో 2025లో ప్రతిపాదన వచ్చినది, నేటి ఘనమైన ప్రాసెసర్లకును ఆ గతి తప్పదు. వెళ్లు యంత్రముతో పాటు ఒక మనిషి కూడ వెలుపలికి పోవుచున్నాడా యను ప్రశ్నను ప్రతి పర్యాయమును అడిగి, సమాధానమును లెక్కలతో సహా బహిరంగముగా వ్రాసినచో, ఆ నిర్ణయము కఠినమైనను న్యాయమగును. ఆ ప్రశ్న నడుగకుండ గీచిన గీత, ఎంత వేగము నిచ్చినను, అడుగబడని వాని హక్కును అపహరించి సంపాదించిన వేగమే యగును.